సేల్‌లో కొన్న సరుకైనా వాపస్ అడగొచ్చు

ప్రశ్న: మాది కరీంనగర్. బైక్ మీద దూర ప్రయాణాలు చేస్తుంటాను. ఆన్‌లైన్ సేల్‌లో 6,499 రూపాయలకు రైడింగ్ జాకెట్ కొన్నాను. పేజీలో ‘అసలు తోలు, సీఈ ప్యాడ్లు’ అని రాశారు. వచ్చింది చూస్తే రెక్సిన్‌లా ఉంది, భుజాల్లో ఉత్త స్పాంజి ముక్కలు. వెనక్కి తీసుకోమంటే, ‘సేల్ సరుకు వాపస్ లేదు, ఆ రేటుకు ఇంకేం వస్తుంది, కావాలంటే ఢిల్లీ కోర్టుకు రండి’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ జాకెట్ వేసుకుని బండి ఎక్కడం ఆపేయండి. పడితే మోచేతిని, భుజాన్ని కాపాడాల్సిన ప్యాడ్ అది. నిజమైన సీఈ ప్యాడ్ మీద, అంటే యూరప్ భద్రతా ప్రమాణాల ప్రకారం చేసిన ప్యాడ్ మీద, ఈఎన్ 1621 అనే ప్రమాణం నంబరు, లెవెల్ 1 లేదా 2 అని అచ్చు వేసి ఉంటుంది. ప్యాడ్లు బయటికి తీసి, అది లేదని కనిపించేలా ఫోటోలు తీసుకోండి. అగ్గిపుల్లతో కాల్చి చూస్తే తోలో కాదో తెలుస్తుందని ఎవరైనా చెప్పినా ఆ పని చేయొద్దు, సాక్ష్యం చేతులారా పాడవుతుంది.

రేటు తక్కువన్న మాట చట్టం ముందు నిలవదు. మీరు ఎంత కట్టారన్నది కాదు, వాళ్లు ఏం చెప్పి అమ్మారన్నదే లెక్క. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సరుకు ప్రకటనలో చెప్పినట్టు లేకపోతే ‘వెనక్కి తీసుకోం, డబ్బు ఇవ్వం’ అనడానికి అమ్మకందారుకు వీల్లేదు. సేల్ అని రాసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు. అయితే ఒక్కటి చూసుకోండి, ఆ పేజీలో ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ‘పీయూ లెదర్’ అనో ‘ఫాక్స్ లెదర్’ అనో ఉంటే అది రెక్సినే అని ముందే చెప్పినట్టు, తోలు విషయంలో మీ వాదన బలహీనపడుతుంది, ప్యాడ్ల విషయం మాత్రం అలాగే ఉంటుంది. వాళ్లు పేజీ మార్చేయకముందే ఈ రోజే స్క్రీన్‌షాట్లు తీసి, బిల్లు, చాటింగ్, పార్సిల్ మీది చీటీ అన్నీ ఒకచోట పెట్టండి.

తర్వాత ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, చాలా కంపెనీలు అక్కడే దారికొస్తాయి.

అప్పటికీ రాకపోతే కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయండి. ఢిల్లీ వెళ్లక్కర్లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ మీరు ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. సరుకు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు, వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. తోలా కాదా అన్నది పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ శాంపిల్‌కు సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు ముందు మిమ్మల్నే కట్టమనొచ్చు. పరీక్ష ఉంటే 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఇంకా ఆలస్యం కావచ్చు, దానికి సిద్ధపడండి.

ఫిర్యాదులో జాకెట్ డబ్బు ఒక్కటే అడిగి ఊరుకోకండి. ల్యాబ్ ఖర్చు, కేసు ఖర్చులు, పరిహారం కూడా విడివిడిగా రాయండి. గడువు రెండేళ్లు, కానీ అంతదాకా ఆగొద్దు.