యాగంటికి పోతానన్న కాకి గురించి

తమ్ముడూ,

పిల్లల కోసం రాసి నువ్వే అచ్చు వేయించుకుందామనుకుంటున్న కాకి కథ అందింది. పత్తికొండ నుంచి వచ్చే మనిషి చేతికి కాగితాలిచ్చి పంపావు చూడు, అక్కడే నాకు నచ్చావు. వాట్సాప్‌లో పీడీఎఫ్ పెట్టుంటే తెరవడానికి ఇంకో నెల పట్టేది. మొన్న ఆదివారం సాయంత్రం మా మనవరాలినీ ఎదురింటి పిల్లలు నలుగురినీ మిద్దె మీద కూర్చోబెట్టుకుని గట్టిగా చదివాను. కాబట్టి ఈ ఉత్తరంలో చాలావరకు వాళ్ళు చెప్పిందే, నాది కొంచెం.

అగస్త్యుడి శాపం వల్ల యాగంటి శివుడి గుడి దగ్గర కాకులు కనబడవని మన వైపు అందరం చిన్నప్పుడే విన్నాం. అలాంటి చోటికి పోయి తీరతానని ఒక కాకి మొండికేయడం బాగుంది. రెక్కలకు సున్నం పూసుకుని పావురంలా బయలుదేరింది, బనగానపల్లె దాటగానే వాన పట్టుకుంది, అక్కడ పిల్లలు పడీపడీ నవ్వారు. మళ్ళీ చదవమన్నారు, చదివాను, మళ్ళీ అంతే నవ్వారు. ఆ పేజీ ముట్టుకోవద్దు.

కానీ ఆ కాకి రావడానికి ముందు ఆరు లైన్లు ఎర్రమల కొండల వర్ణన పెట్టావు. రెండో లైనుకే ఒకడు పక్కవాడి చెప్పు దాచేశాడు. మొదటి వాక్యంలోనే కాకి రావాలి, దాని పిచ్చి కోరిక కూడా రావాలి, కొండలు బొమ్మలో ఎలాగూ కనిపిస్తాయి కదా. ఇంకొకటి, కాకి మీసేవలో అర్జీ పెట్టుకునే జోకుకు పిల్లలెవరూ నవ్వలేదు, బట్టలు తీయడానికి మిద్దెక్కిన వాళ్ళమ్మ నవ్వింది. అలాంటివి మూడున్నాయి. ఒక్కటి ఉంచు, పుస్తకానికి డబ్బులిచ్చేది ఆమే కాబట్టి. మిగతా రెండూ కొట్టేయి.

ఇప్పుడు అసలు సంగతి. చివర ముసలి గద్ద చేత "ఎవరి చోట వాళ్ళుండటమే సుఖం" అనిపించావు. నీతి లేకపోతే పిల్లల కథ కాదేమోనని భయపడి ఉంటావు, మేమందరం అలా భయపడినవాళ్ళమే. చదవడం అయిపోయాక ఎదురింటి చిన్నోడు అడిగాడు, "అంటే అవ్వా, కాకి గుడికి రాకూడదా?" అని. నాకు నోట మాట రాలేదు. నువ్వు ఆ ఉద్దేశంతో రాయలేదని నాకు తెలుసు, కానీ గుడికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్న మాట మన ఊళ్ళలో ఎక్కడెక్కడికి పోయి తగులుతుందో నీకూ తెలుసు. హాస్యం రాసేవాడికి ఇదొక ప్రమాదం, అంతసేపు కాకి పక్షాన ఉండి నవ్విన పిల్లలను చివరి పేజీలో దాని మీదికి తిప్పేస్తాం. గద్దను పూర్తిగా తీసెయ్యి. కాకి లోపలికి పోతుందా, ఇంకో వేషం వేస్తుందా, పెరుగుతూ ఉన్నాడని చెప్పుకునే అక్కడి రాతి బసవన్నతో మాట్లాడుతుందా, నీ ఇష్టం. ఓడినా పరవాలేదు, బుద్ధి తెచ్చుకోవడం మాత్రం వద్దు.

లావుగా ఉన్నవాడినీ నత్తిగా మాట్లాడేవాడినీ చూపించి నవ్వించలేదు, సంతోషం. క్లాసులో అలాంటి పిల్లవాడు ఒకడుంటాడు, మిగతావాళ్ళు నవ్వుతుంటే వాడు బెంచీ గీకుతూ కూర్చుంటాడు.

భాష గురించి ఎవరో సారు దిద్దిచ్చాడని రాశావు. "నేనేం తప్పు చేస్తినప్పా" అన్న కాకి మాటను "నేనేమి తప్పు చేశాను" అని మార్చాడట. ఆయనకు దండం పెట్టి మళ్ళీ పాతదే రాసుకో. కథ చెప్పే వాక్యాలు మామూలు తెలుగులో ఉండనీ, కాకి మాత్రం కర్నూలు కాకిలాగే అరవాలి.

బొమ్మలు వేసే అమ్మాయికి ఒకటి చెప్పు, వాక్యంలో ఉన్నదే బొమ్మలో వేస్తే ఆ పేజీ దండగ. "కాకి ఎవరికీ కనబడకుండా దాక్కుంది" అని రాస్తే బొమ్మలో తోక బయటికి కనబడుతూ ఉండాలి. చదవడం రాని పిల్లలే దాన్ని ముందు పట్టుకుంటారు. డబ్బు ఎంత, ఆ బొమ్మలు ఇంకెక్కడ వాడుకోవచ్చు, అట్ట మీద ఆమె పేరు ఉంటుందా, ఇవన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. స్నేహం కదా అని వదిలేస్తే ఆ స్నేహమే పోతుంది.

అచ్చు విషయానికొస్తే, 32 పేజీల్లో ముగించు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు నాలుగుగా పెరుగుతాయి, 34 అయితే రెండు ఖాళీగా మిగులుతాయి. నువ్వు ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టావు, డీటీపీ చేసేవాళ్ళు చాలామంది ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే పేజీలు కడతారు, మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. నా మొదటి పుస్తకంలో "కొక్కొరొక్కో" కాస్తా "కొకొరొకో" అయింది. పిల్లలకు అదే ఎక్కువ నచ్చింది, అది వేరే సంగతి. నువ్వు మాత్రం కాగితం మీద ప్రూఫ్ తీయించి అక్షరం అక్షరం చూడు.

ముందు డిజిటల్‌లో వంద కాపీలు చాలు. "ఐదొందలకూ వెయ్యికీ పెద్ద తేడా లేదక్కా" అని ప్రెస్సు ఆయన అంటే నేను వెయ్యి వేయించాను. ఆఫ్‌సెట్‌లో ఒక్కో కాపీ లెక్కన ఆయన చెప్పింది నిజమే, కొనేవాళ్ళ లెక్కన కాదు. 300 అమ్ముడుపోయాయి. మిగతా కట్టలు కింది గదిలో మంచం కింద ఉండగా 2009 అక్టోబర్ 2న తుంగభద్రా హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చాయి, ఏళ్ళ తరబడి కదలని స్టాకు ఒక్కరోజులో ఖాళీ అయింది. ఆ వరదలో జనం పోగొట్టుకున్నదాని ముందు నా పుస్తకాలు ఒక లెక్కా, అందుకే నవ్వుతూ చెప్పగలుగుతున్నాను.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, ఇప్పిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒకటి, ఇంకో మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి, అది ప్రచురణకర్త బాధ్యత, అంటే నీదే.

ఇక అమ్మడం. ఆవిష్కరణ సభ పెట్టాలనుకుంటున్నావు కదా, ఆ ఖర్చు బొమ్మలమ్మాయికి ఇవ్వు. సభకొచ్చే పెద్దలకు మన పుస్తకం పెళ్ళిపత్రికలాంటిది, ఊరికే ఇస్తారనే నమ్మకంతోనే వస్తారు. బడికి పో. హెడ్మాస్టరును అడిగి, నవంబర్ 14న కాదు, ఆ రోజు ఉపన్యాసాల తర్వాత నీ వంతు వచ్చేసరికి పిల్లలు ఆకలి మీద ఉంటారు, మామూలు శనివారం మధ్యాహ్నం పో. నాలుగో తరగతికి సగం కథ చదువు, కాకి మూడో వేషం వేసుకుంటుండగా ఆపేసి, పుస్తకం ఒకటి క్లాసు టీచరు చేతిలో పెట్టి వచ్చేయి. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని వాళ్ళు పెట్టే పోరు ముందు నీ ఫేస్‌బుక్ పోస్టులు ఏ మూలకు! నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి, జిల్లా గ్రంథాలయంలో ముందే మాట్లాడుకుంటే అక్కడా చదవచ్చు. విజయవాడ పుస్తక మహోత్సవంలో సొంత స్టాలు ఇప్పుడే వద్దు, ఎవరి స్టాలులోనైనా ఒక మూల అడుగు.

చదివేటప్పుడు వీడియో తీస్తే పిల్లల ముఖాలు పడకుండా తీయి, నవ్వుల చప్పుడు వినబడితే చాలు. ఎక్కడ నవ్వారో పెన్సిల్‌తో గీత పెట్టుకో, ఎక్కడ కదిలారో సున్నా చుట్టు. నాలుగు బళ్ళు తిరిగాక ఆ గుర్తులను బట్టి దిద్దుకుని అప్పుడు ఐదొందల గురించి ఆలోచించు. దూరం వాళ్ళు ఫోన్‌పేలో డబ్బు వేసి అడిగితే కొరియర్ కంటే ముందు పోస్టాఫీసులో జ్ఞాన్ పోస్ట్ అడిగి చూడు, పుస్తకాల కోసమే 2025 మేలో మొదలుపెట్టారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం.

దిద్దాక వచ్చే నెలలో ఒక ఆదివారం నువ్వే రా, ఉగ్గాని చేసి పెడతాను, మిద్దె మీద నువ్వే చదువుదువు. అన్నట్టు, కాకికి పేరు పెట్టడం మరిచిపోయావు. మా మనవరాలు పెట్టేసింది, కానీ నాకు చెప్పడం లేదు, రాసినాయన వస్తే ఆయనకే చెబుతుందట.

అక్క
కర్నూలు