డెంగీ రెండోసారి వస్తే భయం ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. నాలుగేళ్ల కిందట డెంగీ వచ్చి తేలిగ్గానే తగ్గింది. ఈ వానాకాలం మళ్లీ వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచింది. తట్టు ఒకసారి వస్తే మళ్లీ రాదంటారు. మరి ఈ జ్వరం రెండోసారి ఇంకా ముదరడం ఏమిటి?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: బాబు తేరుకున్నాడు, అదే పదివేలు. అమ్మా, డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒకసారి వచ్చిన రకం మళ్లీ మన జోలికి రాదు. మిగతా మూడింటి నుంచి రక్షణ మాత్రం కొన్ని నెలలే. ఆ తర్వాత వేరే రకం వస్తే, పాత యాంటీబాడీలు (వైరస్‌ను పట్టుకోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లు) దాన్ని పోల్చుకుని పట్టుకుంటాయి గానీ చంపలేవు. యాంటీబాడీ అంటుకున్న దేన్నయినా మింగేయడం కొన్ని తెల్లకణాల పని. డెంగీ పెరిగేది సరిగ్గా ఆ కణాల్లోనే! కావలివాడే దొంగకు తలుపు తీసినట్టవుతుంది. వైరస్ ఎక్కువైన కొద్దీ ఆ కణాలు వదిలే రసాయనాలూ ఎక్కువవుతాయి. రక్తనాళాల గోడలు సడలి, ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, పొట్టలోకి, ఛాతీలోకి కారిపోతుంది.

నాకు ఇది మొదట్లో నమ్మబుద్ధి కాలేదు. క్యూబా కథ చదివాక నోరు మూసుకున్నాను. అక్కడ 1977లో ఒకటో రకం వ్యాపించి పెద్దగా హాని చేయకుండా పోయింది. 1981లో రెండో రకం వచ్చి 158 మందిని బలి తీసుకుంది, వారిలో 101 మంది పిల్లలు. 1997లో అదే దేశంలోని శాంటియాగో నగరంలో రెండో రకమే మళ్లీ వచ్చినప్పుడు తీవ్రంగా జబ్బుపడినవాళ్లు దాదాపు అందరూ పెద్దలే. ఒకటో రకం పోయాక పుట్టిన పిల్లలకు అదే మొదటి డెంగీ మరి.

నెలల పిల్లలకు మాత్రం మొదటిసారే ముదరవచ్చు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే అక్కడ ఈ పాత్ర పోషిస్తాయి. అలాగని రెండోసారి వచ్చిన అందరికీ ముదరదు. ఎక్కువమంది కోలుకుంటారు.

ఇంట్లో ఇంకెవరికైనా వస్తే, జ్వరం దిగిన రోజునే కళ్లు తెరుచుకుని ఉండండి. ప్లాస్మా కారేది ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు. వార్డులో ప్రతి తండ్రీ నన్ను ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడుగుతాడు. మీరు పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, ఎంత పెరిగిందో కూడా అడగండి. ప్లాస్మా కారి రక్తం చిక్కబడుతోందా లేదా అన్నది చెప్పేది ఆ అంకే.