మాస్టారిని లెక్క అడగడమెలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు దగ్గర చిన్న టౌన్. సాయంత్రం పూట పిల్లలకి ఫ్రీ ట్యూషన్, ఒక చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. అందరం వాలంటీర్లమే, ఎవరికీ జీతం లేదు. సొసైటీగా రిజిస్ట్రేషన్ కూడా ఉంది. మొదలుపెట్టింది రిటైర్డ్ టీచర్ గారు, ఆయనే ప్రెసిడెంట్, ఊళ్ళో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆయన కష్టం ఎవరం కాదనలేం. కానీ విరాళాలన్నీ మాస్టారి ఫోన్‌పే నంబర్‌కే వస్తాయి, నేను పేరుకే ట్రెజరర్ని, పాస్‌బుక్ కంటితో చూసి ఏడాది దాటింది. వాట్సాప్ గ్రూపులో లెక్క అడిగితే "నన్నే అనుమానిస్తావా" అని గ్రూపులోంచి తీసేశారు. ఇప్పుడు సెక్రటరీ వాళ్ళేమో వేరే కమిటీ వేద్దాం, బ్యాంకుకి లెటర్ పెట్టి ఆయన సంతకం చెల్లదని చెబుదాం అంటున్నారు. నన్నూ సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా?
– ఒక ట్రెజరర్

జవాబు: పెట్టకండి, ముందు ఆ లెటర్ ఆపించండి. ఒకే సంఘం నుంచి రెండు వర్గాలు రెండు లెటర్లు ఇస్తే ఎవరు కరెక్టో తేల్చే పని బ్యాంక్ మేనేజర్ ఎందుకు పెట్టుకుంటాడు, మామూలుగా ఖాతా ఫ్రీజ్ చేసేసి కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి అంటాడు, అక్కడితో రూమ్ అద్దె ఆగుద్ది, పిల్లల నోట్ పుస్తకాలు ఆగుతాయి, మీ గొడవ మాత్రం ఆగదు.

జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే తేలిపోతుందనుకునేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. అక్కడ కమిటీ లిస్టు ఫైల్ చేసుకుంటారు, అంతే, ఇద్దరిలో అసలు కమిటీ ఎవరిదని తీర్పు చెప్పరు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (తెలంగాణలోనూ ఇదే నడుస్తోంది) 23వ సెక్షన్ ప్రకారం సభ్యుల మధ్య తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి) వెళ్ళాలి, లేదా జిల్లా కోర్టులో అప్లికేషన్ వేసుకోవాలి. వెళ్ళొద్దని కాదు, కానీ ఆ వాయిదాలు తిరిగేలోపు మీ టెన్త్ పిల్లలు డిగ్రీకొస్తారు.

ఇంక మాస్టారి సంగతి. నాకైతే ఆయన తిన్నారని అనిపించట్లేదు. ఇలాంటి చోట్ల ఎక్కువగా జరిగేదేంటంటే జేబులో డబ్బు సంఘానికి పెడతారు, సంఘం డబ్బుతో ఇంటికి కూరగాయలు తెస్తారు, మళ్ళీ జమ వేస్తారు, మూడేళ్ళయ్యాక ఏది ఎవరిదో ఆయనకే తెలీదు, అడిగితే కోపం వస్తుంది. ఆ కోపం చూసి మీరు ఇంకోటి అనుకుంటారు. అయితే తినకపోయినా లెక్క లేకపోతే మీకు ఇబ్బందే, ఎందుకంటే ఆడిట్ కాగితం మీద ట్రెజరర్ సంతకం మీది. ఆయనకి ఇంకా పెద్ద ఇబ్బంది. సొంత ఖాతాలో పడిన డబ్బు ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళ లెక్కలో ఆయన డబ్బే, రేపు నోటీసొస్తే అది విరాళమని ఆయనే రుజువు చేసుకోవాలి. ఈ ముక్క ఆయన ఇంటికెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పండి, గ్రూపులో కాదు. నలభై మంది చూస్తుండగా ఏ మాస్టారూ తగ్గరు.

ఆ తర్వాత జనరల్ బాడీ (సభ్యులందరి మీటింగ్) పెట్టమని రాతపూర్వకంగా అడగండి, మీతో పాటు ఎంతమంది సభ్యుల సంతకాలు కావాలో, ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలో, కోరం (కనీస హాజరు) ఎంతో మీ బైలాస్‌లోనే, అంటే సంఘం నియమావళిలోనే ఉంటుంది. బైలాస్ కాపీ ఎవరి దగ్గరా లేదంటే (మామూలుగా ఉండదు!) రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. ఎజెండాలో "ప్రెసిడెంట్ అక్రమాలు" అని మాత్రం రాయొద్దు. జమాఖర్చుల ఆమోదం, విరాళాలు సంఘం ఖాతా క్యూఆర్ కోడ్‌కే రావాలి, చెక్కు మీద ఇద్దరి సంతకాలు, వాట్సాప్ గ్రూపుకి ముగ్గురు అడ్మిన్లు... ఇలా పెట్టండి. మీటింగ్‌లో బ్యాంక్ స్టేట్‌మెంట్, రసీదు పుస్తకాల అడుగు కాగితాలు, ఫోన్‌పే హిస్టరీ పక్కపక్కన పెట్టి గట్టిగా చదవండి చాలు.

చదవడంలో ఎంత బలముందో మన ఊళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది కదా, ఆ పథకానికి సామాజిక తనిఖీ పెట్టిన తొలి రాష్ట్రాల్లో మనదొకటి. మస్టర్ (పనికొచ్చినవాళ్ళ హాజరు పట్టీ) తెచ్చి జనం మధ్య పేర్లు చదువుతారు, ఎవర్నీ దొంగ అనక్కర్లా, పేరు రాగానే "నేనా వారం పనికే పోలేదే" అని ఒకామె లేస్తుంది. అక్కడ మాట్లాడేది మస్టరే. మీ దగ్గర కూడా కాగితం మాట్లాడాలి గానీ మీరూ సెక్రటరీ కాదు.

"నేను పెట్టిన సంస్థ" అంటారాయన, అంటారు. పెట్టింది ఆయనే కానీ, కనీసం ఏడుగురు సంతకం పెడితేనే సొసైటీ రిజిస్టర్ అవుద్ది, అయిన రోజు నుంచి అది సభ్యులందరిదీ. ఆయన్ని గౌరవాధ్యక్షుడిగా ఉంచుకోండి, పిల్లలకి లెక్కలు ఆయనే చెప్పాలి, చెక్కుబుక్ మాత్రం ఇంట్లో ఉండకూడదు. కొత్త కమిటీ ఎన్నికైతే 15 రోజుల్లోపు లిస్టు రిజిస్ట్రార్‌కి ఇచ్చేయండి, బ్యాంక్ వాళ్ళు సంతకాలు మార్చేటప్పుడు తీర్మానం కాపీతో పాటు అదే అడుగుతారు.

సెక్రటరీ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. లెక్క కోసం అడిగేవాళ్ళుంటారు, కుర్చీ కోసం అడిగేవాళ్ళూ ఉంటారు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను, అమెరికా సిటిజన్ని. మా ఊరి సేవా సంఘానికి ఏటా పంపుతున్నా, ఈసారి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే "మనూరోడివి, నీకెందుకయ్యా అవన్నీ" అన్నారు. పంపొచ్చా?

జవాబు: పంపకండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంక్ ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, కానీ మీరు పౌరసత్వం మార్చుకున్నారు కాబట్టి ఓసీఐ కార్డున్నా (అది పౌరసత్వం కాదు) మీ డబ్బు విదేశీ విరాళమే. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. బావగారి ఖాతాకి పంపి ఆయన చేత ఇప్పిద్దామనే ఐడియా వస్తుంది, వద్దు, ఇరుక్కునేది ఆయనా, సంఘమూ.

ప్రశ్న: మా సెక్రటరీ కోపంలో వాట్సాప్‌లో రాజీనామా పెట్టి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. చెల్లుతుందా?

జవాబు: బైలాస్‌లో రాజీనామా ఎలా ఇవ్వాలని రాసుందో అలా ఇస్తేనే మంచిది, ఒక లెటర్ తీసుకుని కమిటీలో ఆమోదించి మినిట్స్‌లో రాయండి. అప్పటిదాకా బ్యాంకులో ఆయన సంతకం చెల్లుతూనే ఉంటుంది. ముందు ఆయన దగ్గరున్న సీలు, మినిట్స్ బుక్కు, రసీదు పుస్తకాలు నంబర్లతో సహా కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి తీసుకోండి. శాలువా సంగతి తర్వాత.