13 ఏళ్ల పిల్లాడు ఫుట్‌బాల్ కోసం ప్లయోమెట్రిక్స్ చేస్తే ఎదుగుదల ఆగిపోతుందా?

ఆగదండీ. ప్లయోమెట్రిక్స్ అంటే గెంతడం, దూకి వెంటనే ఎగరడం లాంటి కసరత్తులే. ఎగిరితే ఎత్తు పెరగరన్న మాట నమ్మకండి. ఏ పిల్లాడైనా రోజంతా గెంతుతూనే ఉంటాడు. నా భయమంతా వాళ్లు నేలమీదికి ఎలా దిగుతున్నారన్నదాని గురించే.

మా పెద్దాడికి 14 ఏళ్లప్పుడు ఆరు నెలల్లో ప్యాంట్లన్నీ పొట్టివైపోయాయి. సరిగ్గా అప్పుడే వాళ్ల టీమ్‌కి కొత్త కోచ్ వచ్చాడు. గంటన్నర పరుగెత్తి అలిసిపోయిన కాళ్లతో పిల్లలందర్నీ నడుమెత్తు పెట్టెల మీదినుంచి దూకించేవాడు. ఎన్నిసార్లో లెక్క లేదు. నేను పక్కనే నిలబడి చూశాను, ఒక్క మాట అడగలేదు. మూడో వారంలో ఒక రాత్రి వాడు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి దిగుతున్నాడు. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి ఉంది. వేలు తగిలితే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆస్గుడ్-ష్లాటర్ అన్నారు డాక్టర్. తొడ కండరం వచ్చి అతుక్కునే చోట ఎముక ఆ వయసులో ఇంకా గట్టిపడదు. దాన్ని పదేపదే లాగితే వచ్చే నొప్పి అది. ఫిజియోథెరపిస్ట్ వాణ్ని ఒక చిన్న మెట్టు మీదినుంచి దూకమంది. మోకాళ్లు రెండూ లోపలికి ముడుచుకున్నాయి, మడమలు దబ్బున పడ్డాయి. "దిగడం ఎవరైనా నేర్పారా?" అని అడిగితే వాడు నా ముఖం చూశాడు.

నొప్పి తగ్గాక రెండు వారాలు అదొక్కటే పని. మెట్టు దిగాలి, మోకాళ్లు పాదాల వేళ్ల వైపే వంగాలి, చప్పుడు రాకూడదు. తర్వాత తాడాట, గీత మీదుగా చిన్న గెంతులు. ఒంటికాలివి చాలా ఆలస్యంగా మొదలుపెట్టాం.

పెట్టె మీదినుంచి దూకి వెంటనే ఎగిరే పద్ధతిని 1960ల్లో సోవియట్ యూనియన్‌లో వెర్ఖోషాన్‌స్కీ అనే కోచ్ బాగా బలమున్న పెద్ద క్రీడాకారుల కోసం తీర్చిదిద్దాడు. దాన్ని తెచ్చి ఎదిగే పిల్లల మీద పెట్టడమేంటి? పైగా ప్రాక్టీస్ చివర్లో! కండరం సాగిన వెంటనే ముడుచుకోవడంలోనే ఉంది దీని బలమంతా. పాదం నేల మీద పావు సెకను కూడా ఉండకూడదు. అలిసిన కాలు నేలకి అతుక్కుపోతుంది. ఇక లాభమేముంది, దెబ్బలు తప్ప.

వార్మప్ అవగానే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే చేయించండి. మొదట్లో పాదం నేలను తాకేది 50, 60 సార్లు చాలు. మళ్లీ చేయడానికి కనీసం 48 గంటల గ్యాప్ ఉండాలి. ఫిఫా 11+ అని 20 నిమిషాల వార్మప్ ఉంది, అందులో గెంతులు కూడా ఉన్నాయి. అది 14 దాటినవాళ్లకి. మీవాడి వయసుకి 11+ కిడ్స్ వేరేగా ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇవన్నీ అబ్బాయిలకే నేర్పుతారు, అమ్మాయిల్ని పక్కన కూర్చోబెడతారు. ఆటలో మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం అమ్మాయిలకే ఎక్కువ. దిగడం ముందు నేర్పాల్సింది వాళ్లకే. ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మీవాణ్ని ఈ సాయంత్రం ఒక మెట్టు మీదినుంచి దూకమని, ఎదురుగా నిలబడి మోకాళ్లు చూడండి. లోపలికి పోతుంటే ఆ పెట్టెలు కొన్నాళ్లు పక్కన పెట్టమని రేపే కోచ్‌తో చెప్పండి. అప్పుడు నేను చెప్పలేదు.