ప్రెస్ షాపు పెడుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చర్లపల్లిలో షెడ్డు దొరికిందని, రేకును అచ్చుతో కొట్టి ముక్కలు తీసే రెండు పాత పవర్ ప్రెస్‌లు బేరమయ్యాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం నాయనా. ఆర్డర్లు, బ్యాంకు లోను, జీఎస్టీ నాకంటే నీకే బాగా తెలుసు. నేను రాసేది నీ దగ్గర పనికి వచ్చేవాళ్ల గురించి. బాలానగర్ ప్రెస్ షాపుల్లోనే నా జీవితం గడిచింది. అక్కడ చూసినదాన్ని బట్టి ఒక్క మాట గట్టిగా చెప్తాను. మనిషి మెషీన్ ముందు నిలబడక ముందే మెషీన్‌కు గార్డు, అంటే చెయ్యి లోపలికి పోకుండా ఆపే కంచె ఉండాలి, అతని పేరు మీద ఇన్సూరెన్సు ఉండాలి. "ముందు పని మొదలవనీ, తర్వాత చూద్దాం" అన్న షాపుల్లోనే వేళ్లు పోవడం, ఇల్లు గడవక ఆడవాళ్లు గేటు దగ్గర నిలబడటం చూశాను.

నువ్వు కొంటున్నవి కీ క్లచ్ ప్రెస్‌లట. పెడల్ తొక్కగానే క్లచ్ పట్టుకుని ర్యామ్, అంటే పై నుంచి కొట్టే బరువైన భాగం దిగుతుంది. ఒకసారి కదిలాక మధ్యలో ఆగదు. కాబట్టి ఎవరైనా "లైట్ సెన్సర్ బిగిస్తాం, చెయ్యి అడ్డొస్తే ఆగిపోతుంది" అంటే డబ్బు ఇవ్వకు. అది గాలితో నడిచే ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్‌లకు పనికొస్తుంది, వీటికి కాదు. వీటికి కావాల్సింది డై, అంటే అచ్చు చుట్టూ కదలకుండా బిగించిన గార్డు. షీటు దూరాలి, వేలు దూరకూడదు. సందు 6 మిల్లీమీటర్లు దాటనివ్వకు. విడి ముక్కలు పెట్టి కొట్టే పనైతే పట్టకారో మాగ్నెట్టో చేతికివ్వు. ఏదైనా ముక్క పడి పెడల్ నొక్కుకుపోకుండా దాని మీద రేకు కవరు వేయించు.

పాత ప్రెస్‌ల అసలు రోగం డబుల్ స్ట్రోక్. క్లచ్‌లో ఉండే కీ అనే లోహపు ముక్క అరిగినా, స్ప్రింగు విరిగినా, బ్రేకు వదులైనా పెడల్ తొక్కకుండానే రెండోసారి కొడుతుంది. సరిగ్గా అప్పుడే ఆపరేటర్ చెయ్యి ముక్క తీయడానికి లోపల ఉంటుంది. చెయ్యి తిరిగిన పనివాళ్లకే వేళ్లు పోయేది ఇందుకే. అలాంటప్పుడు "వాడి నిర్లక్ష్యం" అనే ఓనర్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. షిఫ్టు మొదలయ్యే ముందు డై ఖాళీగా ఉండగా నాలుగు స్ట్రోకులు కొట్టి చూడటం, వారానికోసారి క్లచ్ కవరు విప్పి చూడటం ఓనర్ బాధ్యత. దానికో పుస్తకం పెట్టి సంతకం చెయ్యి. డై మార్చేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసి, ఫ్లైవీల్ (పక్కన తిరిగే బరువైన చక్రం) పూర్తిగా ఆగాక, ర్యామ్ కింద దిమ్మ పెట్టాకే చెయ్యి లోపల పెట్టాలి. డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర మాత్రం గ్లౌజులు వద్దు, బిట్టు పట్టుకుని చేతిని లాగేస్తుంది.

ఇక ఇన్సూరెన్సు. ఎనిమిది మందితో మొదలుపెట్టి తర్వాత పన్నెండు చేస్తానన్నావట. పది మంది అయ్యారంటే ఈఎస్‌ఐ, అంటే కార్మికులకు ప్రభుత్వ బీమా తప్పనిసరి. ఆ పదిలో హెల్పరూ, ఊడ్చే ఆవిడా, కాంట్రాక్టరు పంపినవాళ్లూ లెక్కలోకి వస్తారు. పదో మనిషి వచ్చిన 15 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ కావాలి. నెలకు రూ.21,000 వరకు జీతం ఉన్నవాళ్లందరూ దాని కిందకు వస్తారు. జీతంలో నీ వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. రూ.14,000 జీతానికి నువ్వు కట్టేది రూ.455, అతను కట్టేది రూ.105. నెల తిరిగాక 15వ తేదీలోగా కట్టాలి. పనిలో దెబ్బ తగిలితే మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. సనత్‌నగర్ ఆసుపత్రిలో వైద్యం జరుగుతుంది, మంచాన ఉన్నన్నాళ్లూ జీతంలో 90 శాతం వస్తుంది, ప్రాణం పోతే భార్యకు పెన్షన్ వస్తుంది. ఇంటి నుంచి పనికొచ్చే దారిలో యాక్సిడెంట్ అయినా వర్తిస్తుంది.

చేరిన రోజే పేరు ఎక్కించు. నాకు తెలిసిన ఒక షాపులో కుర్రాడికి ఉదయం చెయ్యి పోతే మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో పేరు ఎక్కించారు. రికార్డులో టైము ఉంటుంది కదా, విచారణలో దొరికిపోయారు. ఆ కుర్రాడు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఊరెళ్లిపోయాడు.

పది మంది లేనన్నాళ్లూ ఇన్సూరెన్సు కంపెనీలో డబ్ల్యూసీ పాలసీ (పనిలో ప్రమాదాలకు కార్మికుల నష్టపరిహార బీమా) తీసుకో. అది లేకపోతే నష్టపరిహారం నీ జేబులోంచే పోతుంది. రూ.14,000 జీతం, 25 ఏళ్ల వయసున్నవాడు పనిలో చనిపోతే చట్టం లెక్క ప్రకారం సగం జీతం రూ.7,000ని 216.91తో గుణిస్తారు. పదిహేను లక్షలు దాటుతుంది. నీ రెండు ప్రెస్‌లూ అమ్మినా అంత రాదు.

2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కరెంటుతో నడిచే షాపులో 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అవుతుందని నీ కన్సల్టెంట్ చెబుతాడు. నిజమే, ఇదివరకు 10 ఉండేది. అది విని గార్డు అక్కర్లేదనుకోకు. పది మంది అయితే చాలు, ఆ నాలుగింటిలో ఒకటైన భద్రతా కోడ్ నీకూ వర్తిస్తుంది. ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వు. అందులో ఏ పని, ఎంత జీతం, ఏ రోజు చేరాడు అన్నది స్పష్టంగా ఉండాలి. హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లకు చదివి వినిపించు. జీతం 7వ తేదీలోపు బ్యాంకులో వెయ్యి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలి. మానేసినవాడి లెక్క రెండు పనిదినాల్లో తేల్చెయ్యాలి. "కుర్రాడు పారిపోకుండా" అని ఎవరి ఆధార్ కార్డూ నీ సొరుగులో పెట్టుకోవద్దు. కనీస వేతనాల కరువు భత్యం ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది, ఆ రెండుసార్లూ జీతాలు సరిచూసుకో. పీఎఫ్ 20 మందితో వస్తుంది, అప్పుడు మాట్లాడుకుందాం.

18 నిండని కుర్రాణ్ని ఎవరు బతిమాలినా ప్రెస్ మీద నిలబెట్టకు. ఆడవాళ్లను పనిలో పెట్టుకుంటే, మొత్తం పది మంది అయ్యాక లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ వెయ్యాలి. అంతకు తక్కువైతే జిల్లాలో లోకల్ కమిటీ ఉంటుందని వాళ్లకు ముందే చెప్పు.

అద్దె మిగులుతుందని పనివాళ్లను షెడ్డు అటక మీద పడుకోబెడతానన్నావని మీ అమ్మ అంది. అది మాత్రం వద్దు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాములో మంటలు లేచాయి. పైన పడుకున్న బీహార్ కూలీలు 11 మంది చనిపోయారు. దిగడానికి ఇరుకు మెలికల మెట్లొక్కటే ఉంది. దగ్గర్లో గది అద్దెకు తీసి ఇవ్వు. షెడ్డు అగ్రిమెంటు రాసుకునే ముందు వెనక వైపు తలుపు ఉందో లేదో చూడు. లేకపోతే పెట్టించమని ఓనర్‌ని అడుగు, ఒప్పుకోకపోతే వేరే షెడ్డు చూసుకో.

ఇన్ని చేసినా వేలు తెగితే, తెగిన ముక్కను తడి శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి, ఆ కవర్ని ఐసులో పెట్టి మనిషితో పాటే ఆసుపత్రికి పంపు. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు. ఈ సంగతి షాపులో అందరికీ తెలిసి ఉండాలి. ఈఎస్‌ఐకి యాక్సిడెంట్ రిపోర్ట్ వెంటనే వెళ్లాలి.

ప్రెస్‌లకు మిగతా డబ్బు ఇంకా కట్టలేదు కదా. ఆదివారం నేనొస్తాను, అమ్మేవాణ్ని కూడా రమ్మను. క్లచ్ కవర్లు విప్పించి కీలు, స్ప్రింగులు నా కళ్లతో చూస్తాను. గార్డులకు కొలతలు కూడా అప్పుడే తీసుకుందాం. మార్పించాల్సినవి ఉంటే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమని నేనే అడుగుతాను.

ఇట్లు,
మీ మామయ్య