టెక్ సందేహాలు: సున్నా మింగేసిన 22 సెంటీమీటర్లు

ప్రశ్న: స్కూలు పిల్లల ఎత్తులు అడుగులు, అంగుళాల్లో ఉన్నాయి. ఎక్సెల్‌లో 30.48తో గుణించి సెంటీమీటర్లలోకి మారిస్తే పొడుగు పిల్లలు పొట్టివాళ్లయిపోతున్నారు. ఎందుకు? - ఓ పీఈటీ, జనగామ

జవాబు: 30.48 సరైనదే. 1959 ఒప్పందం నుంచి అంగుళం కచ్చితంగా 2.54 సెం.మీ., అడుగు దానికి పన్నెండింతలు. తేడా కొట్టింది చుక్క దగ్గర. 5 అడుగుల 10 అంగుళాలను 5.10 అని టైప్ చేసి ఉంటారు. చివరి సున్నాను ఎక్సెల్ లెక్కచేయదు, 5.1 చేసేస్తుంది. 177.8 రావాల్సిన కుర్రాడికి 155.4 వస్తుంది. 5 అడుగుల 1 అంగుళం పిల్లాడిదీ అదే అంకె, కావాలంటే చూసుకోండి. 5.6 అని ఉన్నవాళ్లేమో ఉత్తపుణ్యానికి 3 సెం.మీ. పెరిగి ఉంటారు.

అడుగులకో కాలమ్, అంగుళాలకో కాలమ్ పెట్టండి. మూడో గడిలో ఈక్వల్ గుర్తు, బ్రాకెట్ కొట్టి అడుగుల గడిని క్లిక్ చేయండి. *12+ అని టైప్ చేసి అంగుళాల గడిని క్లిక్ చేయండి. బ్రాకెట్ మూసి *2.54 కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ గడి కుడివైపు కింది మూలలోని చిన్న చతురస్రాన్ని పట్టుకుని కిందికి లాగితే మిగతావీ వచ్చేస్తాయి. 5.1 అని ఉన్న పేర్లను మాత్రం రిజిస్టర్ తీసి మళ్లీ చూడాల్సిందే. అది ఒకటో పదో ఎక్సెల్‌కి తెలీదు. చుక్కకు బదులు 5-10 అని కొట్టారో, తేదీ అయి కూర్చుంటుంది.

ప్రశ్న: టీవీ గూడు వెడల్పు 36 అంగుళాలు. 43 అంగుళాల టీవీ పడుతుందా? 43ని 2.54తో గుణిస్తే 109.2 వస్తోంది, పెట్టె మీదేమో 108 సెం.మీ. అని ఉంది.

జవాబు: పట్టదు. ఆ 108 తెర మూల నుంచి ఎదుటి మూలకు కొలత. అంటే 42.5 అంగుళాలు; 43 అనేది పిలుపు కోసం సవరించిన అంకె. 16:9 తెర (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు) వెడల్పు ఈ కొలతలో 87 శాతం, అంటే 94 సెం.మీ. మీ గూడు 91.4. అంచు కలపకముందే మించిపోయింది. 100 సెం.మీ. టీవీ తెర వెడల్పు 87 ఉంటుంది, దూరుతుంది గానీ పక్కనున్న హెచ్‌డీఎంఐ పోర్టులోకి వైరు పెట్టడానికి వేలు పట్టదు. కొనేముందు స్పెసిఫికేషన్లలో 'స్టాండ్ లేకుండా వెడల్పు' చూడండి. అది మిల్లీమీటర్లలో ఉంటే 25.4తో భాగించండి, అంగుళాలు వస్తాయి.

గూడును పైన, మధ్యలో, కింద కొలిచి తక్కువ వచ్చినదే లెక్కలోకి తీసుకోండి. టేపు కొసన కొక్కెం కొద్దిగా కదులుతోందని సుత్తితో బిగించకండి. లోపలి కొలతకు నొక్కినప్పుడు, బయటి కొలతకు లాగినప్పుడు దాని మందం లెక్క సరిపోయేలా కావాలనే అలా వదులుగా పెడతారు.