పన్నెండు నుంచి నాలుగు దాకా ఊరు మీదే

పాఠకుల ప్రశ్నలు: ప్రయాణాలు

ప్రశ్న: నమస్తే అండీ, మాది తణుకు. వచ్చే నెల మా ఆయన, మా అత్తగారు, నేను ఒక టూర్ బస్సులో తమిళనాడు వెళ్తున్నాం. కంచి, చిదంబరం, కుంభకోణం, తంజావూరు, శ్రీరంగం, రామేశ్వరం, మధుర అన్నీ చూపిస్తారట, వంటవాళ్ళు కూడా బస్సులోనే వస్తారట, అత్తగారికి ఆ మాట ఒక్కటి చాలు. నేను చిన్నప్పుడు కొంచెం సంగీతం నేర్చుకున్నాను, తిరువైయారు చూడాలని ఎప్పట్నుంచో ఉంది, లిస్టులో అది లేదు. అసలు ఇలాంటి టూర్లలో బస్సు దిగి గుడికి, గుడి నుంచి బస్సుకి తప్ప ఊరు అనేది కనిపిస్తుందా? విడిగా వెళ్తే నయమా?

జవాబు: అత్తగారు ఉన్నారు కాబట్టి బస్సులోనే వెళ్ళండి, రెండో ఆలోచన వద్దు. రాత్రి తొమ్మిదింటికి చిదంబరంలో దిగి, భాష రాక, రూమ్ కోసం ఆటోలో నాలుగు లాడ్జీలు తిరిగాక ఆవిడ మొహం చూడలేరు మీరు. అదే బస్సు అయితే దిగేసరికి వేడి వేడి చారన్నం, ఆవకాయ రెడీగా ఉంటాయి. ఈ వంటవాళ్ళ సంగతి చూసి కుర్రాళ్ళు నవ్వుతుంటారు గానీ షుగరున్న పెద్దవాళ్ళకి టైముకి తిండి దొరకడం అంటే మామూలు విషయం కాదు.

ఇంక ఊరు చూడ్డం. అక్కడి గుళ్ళు దాదాపు అన్నీ మధ్యాహ్నం పన్నెండుకో పన్నెండున్నరకో మూసేస్తారు, మళ్ళీ నాలుగింటికే తీసేది. అందుకని టూర్ మేనేజర్లు పొద్దున్నే రెండు గుళ్ళు చుట్టేసి, భోజనాలు పెట్టి, అందరినీ ఏ కల్యాణ మండపంలోనో సత్రంలోనో పడుకోబెడతారు, ఉన్న రెండు ప్లగ్గుల కోసం ఇరవై ఫోన్లు కొట్టుకుంటుంటాయి, మగాళ్ళు గురక, మీరేమో ఫ్యాన్ కింద చాప వేసుకుని ఎండని తిట్టుకుంటూ కూర్చుంటారు. ఆ నాలుగు గంటలూ మీవే. ఎండ ఉంటుంది, గొడుగు పట్టుకుని వెళ్ళండి, అంతే. ఒక్కటి మాత్రం ముఖ్యం, అప్పటికప్పుడు చెప్తే ఏ మేనేజరూ ఒప్పుకోడు, ఒకరిని వదిలితే రేపు పదిమంది అడుగుతారని భయం. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మెల్లగా చెప్పండి, బస్సు ఎన్నింటికి ఎక్కడుంటుందో కనుక్కోండి, దిగిన సత్రం బోర్డుని తమిళం కనిపించేలా ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఆటో ఆయనకి ఆ ఫోటో చూపిస్తే చాలు, మాట్లాడక్కర్లేదు.

తిరువైయారు తంజావూరు నుంచి పదమూడు కిలోమీటర్లు ఉంటుందేమో, అంతే. కుంభకోణం నుంచి తంజావూరుకి తిరువైయారు మీదుగా కూడా రోడ్డుంది, కాబట్టి బస్సులో ఒక పదిమందిని మీ వైపు తిప్పుకుని, త్యాగయ్య గారి సమాధి అండీ, దార్లోనే, అరగంట ఆపండి అంటే తెలుగువాళ్ళ బస్సులో ఎవరూ కాదనరు అనుకుంటున్నా. కుదరకపోతే తంజావూరులో దిగిన మర్నాడు పొద్దున ఆరింటికే ఆటో మాట్లాడుకుని వెళ్ళిపోండి, మీవాళ్ళు టిఫిన్లు చేసి పెద్దగుడికి (బృహదీశ్వరాలయం) బయల్దేరేసరికి వచ్చేస్తారు. దీన్ని మాత్రం మధ్యాహ్నానికి పెట్టుకోవద్దు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టారు, 1847లో ఇక్కడ సిద్ధి పొందారు, సమాధి కావేరి ఒడ్డునే. పుష్య బహుళ పంచమికి, అంటే ఆయన ఆరాధన రోజున, అడుగు పెట్టే సందు ఉండదు గానీ మామూలు రోజుల్లో ప్రశాంతంగా కూర్చోవచ్చు. అక్కడే గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారి సమాధి కూడా ఉంటుంది, చాలామంది త్యాగయ్యకి దణ్ణం పెట్టి సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు, ఆవిడ వైపు చూడరు. సమాధి పాడుబడి పోతుంటే 1920ల్లో సొంత సంపాదన పెట్టి గుడి కట్టించింది ఆవిడే. పైగా అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవాళ్ళు కాదు, ఆవిడ ఆడవాళ్ళతో విడిగా ఆరాధన మొదలుపెట్టి, 1940 ప్రాంతంలో అందరూ కలిసి ఒకేచోట పాడే దాకా పట్టు వదల్లేదు. సంగీతం నేర్చుకున్నాను అన్నారు కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగండి.

మధ్యాహ్నం తంజావూరులో అయితే ప్యాలెస్‌లో సరస్వతీ మహల్ లైబ్రరీ మ్యూజియం చూడండి (సెలవు రోజు ముందే కనుక్కోండి). 1530ల నుంచి 1673 దాకా తంజావూరుని ఏలింది మన నాయక రాజులే, రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు ఇద్దరూ స్వయంగా తెలుగులో రాసినవాళ్ళు, తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగుని పక్కన పెట్టలేదు, ఆ లైబ్రరీలో తెలుగు తాళపత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. మనవాళ్ళ బస్సులేమో పెద్దగుడి చూపించి, తలాడించే బొమ్మ కొనిపించి, శ్రీరంగం వైపు తిప్పేస్తాయి.

కుంభకోణంలో ఖాళీ దొరికితే స్వామిమలై వెళ్ళండి, ఏడెనిమిది కిలోమీటర్లు. సుబ్రహ్మణ్యస్వామి గుడి ఎలాగూ మీ లిస్టులో ఉండే ఉంటుంది, కానీ ఆ ఊళ్ళో విగ్రహాలు పోసే స్థపతుల ఇళ్ళుంటాయి, అడిగితే చాలాచోట్ల లోపలికి రానిస్తారు. తేనెమైనం, గుగ్గిలం, కొంచెం నూనె కలిపి కాచిన ముద్దని చేత్తో మెత్తగా చేసి ముందు మైనం బొమ్మ చేస్తారు. కొలతకి టేపు ఉండదు, ఒక కొబ్బరాకు పీలికని విగ్రహం ఎత్తుకి కోసి మడతలు పెడతారు, ఆ మడతల లెక్కలోనే మొహం ఎంత, ఛాతీ ఎంత, మోకాలు ఎక్కడ అన్నీ వచ్చేస్తాయి. తర్వాత కావేరి ఒండ్రుమట్టి పల్చగా పూసి ఆరబెట్టి, మళ్ళీ పూసి, మట్టి గట్టిపడ్డాక కాలిస్తే మైనం కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలో లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాల్సిందే కాబట్టి ఒక అచ్చుకి ఒక్క విగ్రహమే. ఇది చూశాక గుడి బయట మూడొందలకి పంచలోహం అని అమ్మేవాడితో బేరం ఆడబుద్ధి కాదు. ఆ పూట సాయంత్రం దారాశురం ఆపమని కూడా అడగండి, కుంభకోణం పక్కనే, 2004లో యునెస్కో జాబితాలో చేరిన గుడి, జనం తక్కువ, రాతి పని దగ్గరగా చూడొచ్చు. అక్కడ దర్శనం క్యూలు లేవు కదా అని మేనేజర్లు వదిలేస్తుంటారు.

డిగ్రీ కాఫీ అని హైవే మీద ప్రతి కిలోమీటరుకీ బోర్డు ఉంటుంది, వాటికి ఆగకండి, కుంభకోణం ఊళ్ళోనే ఇత్తడి గ్లాసులో తాగండి.

ప్రశ్న: మా అక్కావాళ్ళు డల్లాస్ నుంచి వస్తున్నారు. అక్కడి ఫ్రెండ్స్‌తో కలిసి ఒక చిన్న గ్రూప్ టూర్ బుక్ చేశారు, మమ్మల్నీ రమ్మంటున్నారు. అందులో కారైకుడి దగ్గర రెండు రాత్రులు ఉంది. ఏ గుడీ లేని ఊళ్ళో రెండు రాత్రులు ఏం చేస్తాం అని మా ఆవిడ అడుగుతోంది. రేటు కూడా ఎక్కువే. హైదరాబాద్ నుంచి.

జవాబు: గుడి లేదని ఎవరన్నారండీ, పిళ్ళైయార్‌పట్టి అక్కడికి దగ్గరే, కొండ తొలిచి చేసిన వినాయకుడు, మీ ఆవిడకి ముందు అది చెప్పండి. ఆ చుట్టుపక్కల చెట్టినాడు ఊళ్ళలో ఇళ్ళు చూడ్డానికే రెండు రాత్రులు. నగరత్తార్ చెట్టియార్లు బర్మా, మలయా వైపు వడ్డీ వ్యాపారం చేసి సంపాదించి ఇక్కడ ఒక వీధిలో మొదలై వెనక వీధిలో తేలే ఇళ్ళు కట్టుకున్నారు, బర్మా టేకు స్తంభాలు, గోడలు అద్దంలా మెరుస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంతో బర్మా వ్యాపారం దెబ్బతింది, వారసులు మద్రాసుకీ విదేశాలకీ వెళ్ళిపోయారు, ఇప్పుడు చాలా ఇళ్ళు తాళాలతో ఉండి ఏ పెళ్ళికో తెరుస్తారు, కొన్ని విప్పేసి స్తంభాలూ తలుపులూ కారైకుడి పాత సామాను షాపుల్లో అమ్మకానికి పెట్టారు. గ్రూపులో వచ్చేవాళ్ళు ఆ పాడుబడ్డ ఇల్లు చూసి అబ్బ ఎంత బ్యూటిఫుల్ అంటుంటే కాపలా ఉన్న ముసలాయన ఏమనుకుంటాడో నాకైతే తెలీదు. ఫోటో తీసేముందు ఆయన్ని అడగమని మీ అక్కావాళ్ళకి చెప్పండి.

ఆత్తంగుడిలో టైల్స్ చేసేది తప్పకుండా చూడండి, అరగంట చాలు గానీ పిల్లలు కదలరు. గాజు పలక మీద ఇనప చట్రం పెట్టి, అందులో డిజైన్ అచ్చు ఉంచి, రంగు కలిపిన సిమెంటు గరిటెతో గదికొక రంగు పోస్తారు, అచ్చు తీసేసి పైన పొడి సిమెంటు, ఇసక చల్లి, తడి సిమెంటుతో నింపి తాపీతో సాపు చేస్తారు. కొలిమి లేదు, కాల్చడం లేదు, ఆరాక నీళ్ళలో నానబెడతారు. గాజు వైపు మెరుపు గాజు వల్ల వచ్చిందే. రేటు సంగతి, పాత బంగళాని హోటల్ చేసినచోట ఉండటానికి ఆ డబ్బు. మీకంత అక్కర్లేదనుకుంటే కారైకుడిలో మామూలు లాడ్జీలో దిగి పగలు వాళ్ళతో కలవండి, మొహమాటం ఎందుకు.

ప్రశ్న: మా నాన్నకి 74. రామేశ్వరం బస్సులో చివరి సీటు ఇచ్చారు, మార్చమంటే మార్చట్లేదు. 22 బావుల స్నానం చేయించొచ్చా? ఖమ్మం నుంచి.

జవాబు: చివరి సీటు వద్దే వద్దు, ప్రతి గొయ్యికీ నడుం పోతుంది. రోజుకో రెండు వరసలు ముందుకి జరిపే పద్ధతి చాలా బస్సుల్లో ఉంది, అది పెట్టమని బయల్దేరకముందే అడగండి, కాదంటే డబ్బు వెనక్కి తీసుకుని ఇంకో బ్యాచ్ చూసుకోండి. బావుల స్నానం అంటే ముందు సముద్రంలో మునిగి, ఆ తడి బట్టలతో గుడి లోపల బావి బావికీ తిరగాలి, ఒక్కోచోట బకెట్‌తో నెత్తిన పోస్తారు, నేలంతా నీళ్ళే, జారుతుంది, వెనకనుంచి జనం తోస్తుంటారు. మోకాళ్ళు గట్టిగా ఉండి, పక్కన మీరు చెయ్యి పట్టుకుని ఉంటే తెల్లారగట్ల చేయించండి, లేదంటే మీరొక్కరే వెళ్ళి ఒక బాటిల్‌లో నీళ్ళు తెచ్చి ఆయన నెత్తిన చల్లండి. పొడి బట్టల సంచి మీ చేతిలోనే ఉంచుకోండి, తడి బట్టలతో దర్శనానికి పంపరు, అందరి లగేజీ బస్సు డిక్కీలో పెట్టి తాళం వేసుకుని డ్రైవర్ టీకి వెళ్ళిపోతాడు.